పిట్టకు పెట్టిన ముద్ద

పెంటమ్మకు పిచ్చి అని తేల్చడానికి డాక్టరు రామలింగేశ్వరరావుకు పట్టిన సమయం ఇరవై నిమిషాలు. ఆయన కాఫీ తాగిన అయిదు నిమిషాలు కూడా అందులోనే ఉన్నాయి.

ఆ సంగతి ప్రొబేషన్ ఆఫీసరు కమలాకుమారికి ఆయన నోటి నుంచే తెలిసింది. 1973 జూన్ పందొమ్మిది, మంగళవారం. పొద్దున పదింబావు. సంగారెడ్డిలోని బాలికల హోముకు ప్రతి మంగళవారం నగరం నుంచి వచ్చి పిల్లల మతి చూసి వెళ్ళే డాక్టరు ఆయన. మర్నాడు పదకొండు గంటలకు పిల్లల కోర్టులో పెంటమ్మ కేసు. ఈయన రాసిన సర్టిఫికెట్టును మెజిస్ట్రేటు ఒప్పుకుంటే పద్నాలుగేళ్ళ పిల్ల పిచ్చాసుపత్రికి పోతుంది. జైలుకు పోయినవాడికి ఎప్పుడు బయటపడతాడో ఒక తారీఖు ఉంటుంది. పిచ్చాసుపత్రి చీటీ మీద ఆ గడే లేదు. పైగా ఒకసారి అక్కడికి వెళ్ళొచ్చిన మనిషి తర్వాత ఎంత నిజం చెప్పినా కోర్టు చెవికెక్కదు.

"ఇరవై నిమిషాల్లో ఏమేం అడిగారండీ?" అంది కమలాకుమారి.

"ఏం అడిగితే ఏం లెండి, జవాబు చెబితేగా! వారానికి రోజులెన్నంటే కిటికీ కేసి చూస్తుంది. నీ పేరేమిటంటే కిటికీ కేసి చూస్తుంది. మా బొమ్మల అట్టలు ముందర పెట్టాను. ఒకటి తీసుకుని, తిరగేసి, దాని మీద అన్నం ముద్ద పెట్టి కిటికీలో పెట్టిందండీ. నా అట్ట మీద! అది మద్రాసు నుంచి తెప్పించిన అట్ట."

"తెలివితేటలు యాభై ఎనిమిది అని అంకె వేశారు. నోరు విప్పని పిల్లకు యాభై ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది?"

"మా శాస్త్రంలో కొంత అంచనా ఉంటుందమ్మా." డాక్టరు గడియారం చూసుకున్నాడు. "ఇవాళ పద్నాలుగు మంది ఉన్నారు నాకు. అయినా ఆ పిల్ల సంగతి లోకానికంతా తెలిసిందేగా."

లోకానికి తెలిసింది ఇది. పటాన్‌చెరులో బాపిరాజు రంగుల ఫ్యాక్టరీ ఉంది. జూన్ అయిదున సాయంత్రం ఆరుంబావుకు దాని గోడౌను అంటుకుంది. తలుపు దగ్గర చేతిలో అగ్గిపెట్టెతో పెంటమ్మ దొరికింది. ఆమె తండ్రి సోమయ్య ఆ ఫ్యాక్టరీలోనే చౌకీదారు. అతను మళ్ళీ ఎవరికీ కనపడలేదు. అయిదో తారీఖు నాలుగు గంటలకు సోమయ్య తన చేతి నుంచే గోడౌను తాళాలు తీసుకున్నాడని బాపిరాజు వాంగ్మూలం. సరుకు దొంగిలించి, ఆనవాళ్ళు పోవడానికి కూతురి చేత నిప్పు పెట్టించి తండ్రి పరారయ్యాడని పోలీసుల తీర్మానం. ఆ రోజు నుంచి పెంటమ్మ పెదవి కదపలేదు. కమలాకుమారి రెండుసార్లు వచ్చి కూచుని, 'మొండి పిల్ల, సహకరించదు' అని రాసుకుని వెళ్ళింది.

"నిప్పు మీద వ్యామోహం అని కూడా రాశారు."

"మేట్రన్ రిజిస్టరు చూడండి. నేను గాలిలోంచి రాయలేదు."

మేట్రన్ రాధమ్మది ముత్యాల్లాంటి దస్తూరి. ఆరో తారీఖు: పెంటమ్మ మధ్యాహ్నం అన్నం తినక కిటికీ గట్టు మీద పెట్టి కాకులను పిలిచెను, కాకి రానందున ఏడ్చెను. ఎనిమిది: మరల అదే, ఎవరి వద్దనో బీడీ దొంగిలించి వెలిగించి కిటికీలో పెట్టెను, తాను తాగలేదు. పన్నెండు: డాక్టరుగారి యెదుటనే అదే పని. పద్నాలుగు: మరల కాకులు, మరల బీడీ, ఈసారి కాకి తినగా గోడకు ఆనుకుని చాలాసేపు నిద్రపోయెను.

కమలాకుమారి ఈ పుటలు ఇదివరకు చదివినవే. ఇవాళ ఆమె కన్ను రాసిన రోజుల మీద నుంచి రాయని రోజుల మీదికి జారింది.

"డాక్టరుగారూ, ఏడు, తొమ్మిది, పది, పదకొండు తారీఖుల్లో ఈ పిల్ల అన్నం తిని, గిన్నెలు తోమి, చిన్నపిల్లలకు తల దువ్విందని ఇక్కడే ఉంది. పిచ్చి రోజు విడిచి రోజు వస్తుందా?"

"అలలు అలలుగా వస్తుంది."

"కాకికి ముద్ద పెట్టడం మనమూ చేస్తాం కదండీ. ఎవరైనా పోతే."

డాక్టరు నవ్వాడు. "అది నాకు తోచలేదనుకున్నారా? ఫైలు తిరగేశాను. తల్లి పురిట్లోనే పోయింది. తోబుట్టువులు ముగ్గురు అంతకు ముందే పోయారు, ఇదైనా బతకాలనేగా పెంటమ్మ అని పేరు పెట్టారు. మిగిలింది తండ్రి, వాడు పరారీ. ఇంక ఎవరికమ్మా ఈ పిల్ల కర్మ చేసేది? అయినా బీడీ వెలిగించి చేసే కర్మ ఏ పురోహితుడు చేయిస్తాడు? మీ వారు అంత పెద్ద ప్లాంటులో ఇంజనీరట. హాయిగా క్వార్టర్సులో ఉండక మీకెందుకండీ ఈ తలనొప్పి?"

కమలాకుమారి రిజిస్టరు పట్టుకుని లేచింది.

పిల్లలు పడుకునే హాలు పడమటి వైపు ఉంది. ఆ వేళకు అందరూ కుట్టుపనికి పోయారు. ఆయా పోశమ్మ ఊడుస్తోంది. చివరి కిటికీ పెంటమ్మది. ఇనుప చువ్వలు, బయట జానెడు సిమెంటు గట్టు. కమలాకుమారి చువ్వల్లోంచి చెయ్యి పెట్టి గోటితో గట్టు గీరింది. పగుల్లో ఎండిపోయి రాళ్ళైన మెతుకులు. పక్కన శనగగింజంత నల్లటి మచ్చ, బీడీ చివరిదాకా దానంతట అదే కాలి ఆరినచోట. దాని పక్కన తెల్లగా ఎండిన మరక. వేలు తడిచేసి రుద్ది వాసన చూసింది.

"పోశమ్మా, ఇదేమిటి?"

"ఏం మరకనో. నాకేమెరుక మేడం."

"పులిసిన వాసన. ఇది కల్లు."

పోశమ్మ చీపురు కింద పెట్టింది. "నౌకరీ తీస్తరా?"

"తియ్యను."

"ముందుగాల అందరు గట్లనే అంటరు. ఎన్క తీస్తరు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనే తెచ్చిన. ఎంతనో గాదు, సీసమూతెడు. బీడీ గూడ నాదే. పోరి దొంగతనం చెయ్యలే, గా రాధమ్మ మేడం ఉట్టిగనే రాసింది."

"ఎందుకు తెచ్చావు?"

"ఎందుకేంది? పిట్టకు పెట్టనీకె. మా దిక్కు మనిషి పోతే మూడొద్దులకు, అయిదొద్దులకు, తొమ్మిదొద్దులకు, పదకొండొద్దులకు పిట్టకు పెడ్తం. సచ్చినోడు ఏది ఇష్టంగ తింటుండెనో గదే పెడ్తం. తాగేటోడైతే కల్లు, బీడీ గుంజేటోడైతే బీడీ ముట్టిచ్చి పెడ్తం. పిట్ట ముడితే పానం సల్లగ పోయినట్టు. ముట్టకుంటే వానికేదో కొరత ఉన్నట్టు."

"ఆడపిల్ల పెట్టొచ్చా?"

"కొడుకులుంటే కొడుకులు పెడ్తరు. లేకుంటే బిడ్డ పెడ్తది. పిట్టకేమెరుక, కొడుకా బిడ్డా అని?"

"ఎవరికి పెడుతోందో అడిగావా?"

"ఏడ్సేటోళ్ళను ఎవరికేడుస్తున్నవని అడుగుతరా మేడం? ఇస్తారాకు లేదు, డాక్టరుసాబు అట్టనే ఇస్తారాకు జేసింది పోరి."

"మరి నువ్వు పదిహేను రోజులుగా ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగిన్రు?" పోశమ్మ గొంతులో కోపం కూడా లేదు. "డాక్టరుసాబు అడిగిండా? మీరు రెండుపార్ల వచ్చి గంట గంట కూసుంటిరి. పెంటమ్మనే అడిగిన్రు. గీ హాల్ల నేను గూడ ఉన్ననని ఎవరన్న సూసిన్రా?"

కమలాకుమారికి ఆ మాట చెంప మీద తగిలినట్టే తగిలింది. బి.ఏ.లో సామాజిక శాస్త్రం చదివింది. ఈ ప్రాంతానికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. పక్క ఊళ్ళో పిట్టకు ఎన్నో రోజు పెడతారో తెలియదు.

"మూడొద్దులంటే చచ్చిన రోజు కలుపుకునేనా?"

"కలుపుకునే."

ఆరో తారీఖు మూడో రోజు. ఎనిమిది అయిదో రోజు. పన్నెండు తొమ్మిది. పద్నాలుగు పదకొండు. కమలాకుమారి వేళ్ళ మీద వెనక్కు లెక్కపెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ లెక్క నాలుగో తారీఖు దగ్గరే ఆగింది. గోడౌను అంటుకున్నది అయిదున. మంటకు ఒక రోజు ముందే పోయిన మనిషికి పెంటమ్మ ముద్ద పెడుతోంది.

కుట్టుపని గదిలోంచి పెంటమ్మను పిలిపించింది. సన్నటి పిల్ల, హోము వాళ్ళిచ్చిన గళ్ళ గౌను భుజాల మీద నుంచి జారిపోతోంది. కమలాకుమారి కుర్చీ వదిలి నేల మీద కూచుంది. ఈసారి ప్రశ్న వెయ్యలేదు.

"మీ అయ్య నాలుగో తారీఖున పోయాడు. నువ్వు పెట్టింది ఆయనకే. పద్నాలుగున పిట్ట ముట్టింది. నాకు తెలిసింది."

పెంటమ్మ పోశమ్మ కేసి చూసింది. పోశమ్మ తల ఊపింది. పదిహేను రోజుల తర్వాత ఆ గొంతు తాళం తీసిన పాత తలుపులా కిర్రుమంది.

"అయ్య సోమారం ఇంటికి రాలే. పొద్దుమూకినంక పోయి అడిగితే మేనేజరు, కొండాపూర్ల సుట్టాలింటికి పోయిండన్నడు. మాకు కొండాపూర్ల సుట్టాలెవ్వరు లేరు."

"మర్నాడు?"

"మల్ల పోయిన. గోడౌను తలుపు సందుల కెళ్ళి అయ్య రుమాలు కనవడ్డది. మా ఇంట్ల ఇంకో తాళంచెవి ఉంటది. తీసి లోపటికి పోయిన. గోనె సంచుల కింద ఉన్నడు. రొమ్ము దాంక నీలిరంగు. రంగు హౌజు, గా పెద్ద తొట్టి, కడగనీకె దింపినట్టున్నరు. ఇంతకముందు గూడ ఒకపారి దిగితే గా వాసనకు కండ్లు తిరిగి పడ్డడు."

"నాలుగో తారీఖునే పోయాడని నీకెట్లా తెలుసు?"

"పక్కకే సద్దిగిన్నె ఉన్నది. సోమారం పొద్దుగాల నేను కట్టిచ్చిన సద్ది. గట్లనే ఉన్నది. ఒక్క బుక్క గూడ తినలే."

అంటే నాలుగో తారీఖు మధ్యాహ్నానికి ముందే. కమలాకుమారి కలం ఆగింది. "ఎవరినైనా పిలవలేకపోయావా? నిప్పెందుకు పెట్టావు?"

"పిలిస్తే అయ్యను ఇస్తరా? రాత్రికి లారీల ఏసుకపోయి యాడనో పారేద్దురు. కుక్కలు గుంజవా? నాకు అన్నల్లేరు, తమ్ములు లేరు. ఆడ టర్పెంటు డబ్బలున్నయి. అయ్యకు అగ్గి నేనే పెట్టిన."

ఆ తర్వాత ఆ పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఇంక పలకలేదు. కమలాకుమారి కూడా అడగలేదు. కావలసింది దొరికిందనుకుంది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వీర్రాజు ఒంటిగంటకు వచ్చాడు, రేపటి కోర్టుకు పిల్లను తీసుకువెళ్ళే కాగితాల కోసం. మేట్రన్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని అంతా విన్నాడు.

"అయితే మన డిటెక్టివ్ గారు కాకుల చేత సాక్ష్యం చెప్పించారన్నమాట. సమన్లు ఏ చెట్టుకి అంటించమంటారు?"

"కాకుల సంగతి వదిలెయ్యండి. మీ బాపిరాజు సంగతి చెప్పండి. నాలుగో తారీఖున చచ్చిపోయిన మనిషి చేతికి అయిదో తారీఖున తాళాలిచ్చాడు. ఆ వాంగ్మూలం కింద సంతకం మీది."

వీర్రాజు కాలు దించాడు. "ఆ పిల్ల చెబితే సరా? దానికి పిచ్చని డాక్టరు రాశాడు."

"పిచ్చి పిల్ల తారీఖులు తప్పకుండా లెక్కపెట్టుకుందా? కేలండరు లేని హాల్లో? రిజిస్టరు రాసింది మేట్రన్, నేను కాదు. బూడిద జల్లించారా మీరు?"

"గోడౌనులో శవం ఉందని ఎవడికి తెలుసు జల్లించడానికి? పదో తారీఖునే బాపిరాజుగారు శుభ్రం చేయించుకున్నారు. అనుమతి నేనే ఇచ్చాను. మూడు లారీల బూడిద, రుద్రారం దాటాక పాత మొరం గుంతలో పోయించారు."

"అయితే గుంత తవ్వించండి."

"కమలాకుమారిగారూ!" ఆయన గొంతు తగ్గించాడు. తగ్గిన గొంతే ఎక్కువ భయం పుట్టించింది. "ఎముకలు దొరికాయే అనుకోండి. తలుపు దగ్గర అగ్గిపెట్టెతో దొరికింది ఎవరు? తండ్రిని తలమీద మోది, ఆనక తగలబెట్టిందని నేను రాస్తాను. పిచ్చిదైతే ఆసుపత్రి, అన్నం పెడతారు. మతి ఉందంటే హత్య కేసు. ఏది మేలో ఆడవాళ్ళు మీకే తెలియాలి."

"రాయండి. ఆడపిల్ల తండ్రిని చంపి, రొమ్ము దాకా నీలిరంగు పూసి, సద్దిగిన్నె పక్కన పెట్టిందని రాయండి. తండ్రి ఇంటికి రాలేదేమని అడిగితే కొండాపూర్ పోయాడని మేనేజరు చేత అబద్ధం చెప్పించింది కూడా ఆ పిల్లే అని రాయండి."

"మీ వాళ్ళూ మా వాళ్ళూ ఒక దిక్కు నుంచే వచ్చాం ఇక్కడికి," అన్నాడు వీర్రాజు లేస్తూ. "ఇక్కడివాళ్ళ కోసం మనం మనం కొట్టుకోవడం ఏం మర్యాద?"

"ఆ మాట కూడా రాసుకోనా?"

ఆయన జీపు గేటు దాటక ముందే కమలాకుమారి కాగితం తీసుకుంది. మెజిస్ట్రేటుకు రెండు విన్నపాలు రాసింది. ఒకటి, రుద్రారం గుంత తవ్వించాలి. రెండు, డాక్టరు సర్టిఫికెట్టును పక్కన పెట్టాలి. 'ఈ బాలికకు సంపూర్ణ మతిస్థిమితం ఉన్నది. తాను చేసిన ప్రతి పని తెలిసి, ఆలోచించి చేసినది. ఆ విషయం నేను స్వయంగా విచారించి ధ్రువపరుస్తున్నాను' అని రాసి, ఆ వాక్యం కింద గీత గీసింది. హోము ప్యూను యాదన్న సైకిలు మీద కోర్టుకు తీసుకుపోయాడు. మూడున్నరకు జవాబు తెచ్చాడు. రేపు ఉదయం ఏడు గంటలకు తహసీల్దారు ఎదుట గుంత తవ్వాలి. ప్రొబేషన్ ఆఫీసరు నివేదిక ఫైలులో చేర్చుకోవడమైనది.

ఉద్యోగంలో చేరి ఆరేళ్ళలో ఆమె రాసిన కాగితం మీద ఇంత త్వరగా ఉత్తర్వు రావడం అదే మొదలు. దాదాపు పరుగెత్తినట్టే హాల్లోకి వెళ్ళింది.

"పెంటమ్మా, నిన్ను పిచ్చాసుపత్రికి పంపరు. రేపు పొద్దున్నే బూడిద పోసిన గుంత తవ్వుతున్నారు. మీ అయ్య ఎముకలు దొరికితే బాపిరాజు తప్పించుకోలేడు."

పెంటమ్మ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "వద్దు."

"భయపడకు. నేనుంటాను."

"తవ్వకున్రి అమ్మా. నన్ను పిచ్చిదాన్ననే రాయున్రి. జెర నీ కాళ్ళు మొక్కుత." నిజంగానే పాదాల మీద పడింది. కమలాకుమారి చేతులు పట్టుకుని లేపబోయింది. కుడి అరచేతిలో ఏదో గరుకుగా తగిలింది. విప్పి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా, వేలెడు వెడల్పున, కాలి మానిన మచ్చ.

"ఇదెక్కడిది?"

"గొళ్ళెం. తలుపు గొళ్ళెం."

"వేసేటప్పుడు కాలిందా?"

"అయ్యను ఎవ్వరు తియ్యొద్దని ఏసిన. ఏసినప్పుడు సల్లగనే ఉండె. మల్ల తీద్దామని పట్టుకున్న. మంట జోరు మీదున్నది. గంతల్నే జనం వచ్చి నన్ను గుంజుకపోయిన్రు."

"అగ్గి పెట్టిందానివి, గొళ్ళెం ఎందుకు తియ్యబోయావు?"

పెంటమ్మ పిడికిలి మూసుకుంది. దూరంగా పోశమ్మ బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది.

"లోపట నుంచి ఎవరో పిలిచిన్రు. సంచుల కింద అయ్య ఒక్కడే ఉన్నడనుకున్న. ఆవలి మూలకు ఇంకిన్ని సంచులుండె. అవి నేను తియ్యలే."

"ఎవరు పిలిచారు? ఏమని?"

"'పానీ' అన్నడమ్మా. రెండుపార్ల అన్నడు. మా అయ్య ఎన్నడు గట్ల అనలే. నీళ్ళనే అంటుండె."

ఫ్యాక్టరీలో నీళ్ళను పానీ అని అడిగేది ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళలో ఒకడు తగ్గాడని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ మనిషి పేరేమిటో, వాడికి పిట్టకు పెట్టే దిక్కు ఎక్కడుందో చెప్పగలవాళ్ళు కూడా లేరు. హౌజులోకి ఇద్దరు దిగి ఉంటారు. ఇద్దరూ పోయారనుకుని బాపిరాజు మనుషులు సంచులు కప్పారు. ఒకడు పోలేదు.

రేపు ఏడు గంటలకు ఆ గుంతలో రెండు పుర్రెలు దొరుకుతాయి. ఒకటి మంటకు ముందు రోజే చచ్చినవాడిది. రెండోది గొళ్ళెం పడేదాకా బతికున్నవాడిది. గొళ్ళెం వేసిన పిల్ల, ప్రతి పనీ తెలిసి, ఆలోచించి చేసిందని కమలాకుమారి తన చేత్తో రాసి, గీత గీసి పంపిన కాగితం అప్పటికే మెజిస్ట్రేటు ఫైలులో చేరిపోయింది.